చలికాలంలో బైకు బ్యాటరీ

ప్రశ్న: మాది డెట్రాయిట్. నవంబరు నుంచి మార్చి దాకా బైకు గరాజులోనే ఉంటుంది. వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేస్తున్నా, నిరుడు బ్యాటరీ పోయింది. ఎందుకంటారు?
– ఒక పాఠకుడు

జవాబు: ముందు ఆ ఐదు నిమిషాల స్టార్టింగ్ మానెయ్యండి. సెల్ఫ్ కొట్టినప్పుడు పోయిన ఛార్జి ఆ కాసేపట్లో, ఐడ్లింగ్‌లో పూర్తిగా తిరిగి రాదు. పైగా ఇంజను సరిగ్గా వేడెక్కకుండానే ఆపేస్తే సైలెన్సర్‌లో చెమ్మ చేరుతుంది. గడియారం, అలారం లాంటివి బండి కదలకపోయినా ఛార్జిని కొంచెం కొంచెం లాగుతూనే ఉంటాయి.

మీది లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే, నేను చేసే పద్ధతి చెబుతాను. ఫుల్ ఛార్జి చేసి, నెగటివ్ వైరు ముందు విప్పి, బ్యాటరీని ఇంట్లోకి తెచ్చేస్తాను. బిగించేటప్పుడు అదే వైరు చివర. నెలకోసారి మల్టీమీటర్ పెట్టి చూడండి. 12.6 వోల్టులు దాటి ఉంటే నిశ్చింత, 12.4 కంటే తగ్గితే మళ్లీ ఛార్జింగే. దీన్ని అస్సలు నిర్లక్ష్యం చెయ్యకండి. ఛార్జి దిగినకొద్దీ లోపలి యాసిడ్ పలచబడి నీళ్లలా అవుతుంది, గరాజులోనే వదిలేస్తే మీ ఊరి చలికి గడ్డకట్టి డబ్బా పగులుతుంది. గడ్డకట్టిన బ్యాటరీకి ఛార్జర్ తగిలించడం ప్రమాదం.

అంత ఓపిక లేకపోతే, బ్యాటరీ నిండగానే తనంతట తానే కరెంటు తగ్గించుకునే ఛార్జర్, అంటే బ్యాటరీ టెండర్ కొనుక్కోండి. లిథియం బ్యాటరీకైతే దానికి తగిన ఛార్జరే వాడాలి, సున్నా డిగ్రీల కింద ఛార్జి చెయ్యకూడదు.