‘దేవుడు నాకు చెప్పాడు’ అని మరొకరు అన్నప్పుడు

ప్రశ్న: నా వయసు 28. విశ్వాస కుటుంబం నుంచి ఒక సంబంధం వచ్చింది. మా సంఘ కాపరి ప్రార్థన చేసి, ‘నీకు దేవుడు నియమించిన భర్త ఇతడేనని ప్రభువు నాకు బయలుపరచాడు’ అన్నారు. అప్పటి నుంచి అమ్మానాన్నలకు మరో మాట లేదు. నేను కూడా గుర్తు చూపించమని వేడుకుని బైబిలు తెరిస్తే ‘నీవు వెళ్లు చోటికే నేను వచ్చెదను’ అనే వచనం వచ్చింది. అయినా మనసు కుదుటపడటం లేదు. మేమిద్దరం మాట్లాడుకోవడానికి కూర్చున్న రెండోసారే అతను నా చేతిలోని ఫోను తీసుకుని, నేను ఎవరెవరితో మాట్లాడానో చూసి, ‘మన మధ్య దాపరికాలు ఉండకూడదు కదా’ అని నవ్వుతూ తిరిగి ఇచ్చాడు. ఇంట్లో చెబితే అదొక విషయమా అన్నారు. ఉపవాసం ఉండి ప్రార్థిస్తున్నాను. నిద్ర పట్టడం లేదు. కాదంటే దేవునికి అవిధేయురాలిని అవుతానా? ఆయన ఇక నాకు మరో దారి చూపించడా?

జవాబు: సహోదరీ, మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. మిగిలిన కలతంతా ఆ భయంలో నుంచే పుడుతోంది. ఒక సంబంధం వద్దన్నంత మాత్రాన దేవుడు మీ నుంచి ముఖం తిప్పుకోడు. జ్ఞానం కొదువైనవారు అడిగితే ఆయన ఎవరినీ గద్దింపక ధారాళంగా ఇస్తాడని యాకోబు పత్రిక చెబుతుంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఏడో అధ్యాయంలో పౌలు విధవరాలి గురించి రాస్తూ, ఆమె తనకు ఇష్టమైనవారిని పెళ్లి చేసుకోవచ్చని, అయితే ప్రభువునందే చేసుకోవాలని అన్నాడు. లేఖనం మనిషి ఇష్టానికి అంత చోటు ఇస్తుంటే, మీరు మాత్రం మీ అయిష్టాన్ని పాపంలా దాచుకుంటున్నారు.

ఇక మీకు వచ్చిన వచనం. అది రూతు తన అత్త నయోమితో అన్న మాట. భర్త చనిపోయాక పుట్టింటికి వెళ్లిపొమ్మన్న అత్తను విడిచి వెళ్లనని ఆ కోడలు పట్టుబట్టింది. కాబోయే భర్త ప్రసక్తే అక్కడ లేదు. అదే రాత్రి మీ వేలు ఏ వంశావళి మీదో పడి ఉంటే దాన్నుంచి ఏ జవాబు తీసుకునేవారు? వాక్యం మన పాదాలకు దీపమన్నది నిజం. కానీ దాని వెలుగు కావాలంటే ముందూ వెనకా చదవాలి. యేసును శోధించినప్పుడు అపవాది ఆయన ముందు పెట్టింది కూడా కీర్తనల్లోని వచనమే. దేవుణ్ణి గుర్తు అడుగుతూ గిద్యోను గొర్రెబొచ్చు పరచిన సంగతి మీకు గుర్తుకు రావచ్చు. ఏం చేయాలో దేవుడు అతనికి అప్పటికే చెప్పాడు. రెండోసారి గుర్తు అడిగేటప్పుడు కోపపడవద్దని అతనే బతిమాలుకున్నాడు.

పెళ్లి కోసం గుర్తు అడగడం గురించి తెలుసుకోవాలంటే ఆదికాండము 24వ అధ్యాయం నెమ్మదిగా చదవండి. యజమాని కొడుకు ఇస్సాకుకు పెళ్లికూతురిని వెతుకుతూ వెళ్లిన అబ్రాహాము సేవకుడు పది ఒంటెలతో బావి దగ్గర నిలబడి గుర్తు అడిగాడు. ఏమని? తాను నీళ్లు అడిగితే ఇవ్వడమే కాకుండా, ‘నీ ఒంటెలకు కూడా పోస్తాను’ అని తనంతట తానే అనే అమ్మాయి కావాలని. దూర ప్రయాణం చేసి వచ్చిన పది ఒంటెల దాహం తీరేదాకా బావి నుంచి నీళ్లు తోడటం ఎంత చాకిరీనో ఆలోచించండి. అతను ఆకాశంలో వింత చూపించమనలేదు. ఆ గుర్తులోనే మనిషి స్వభావం బయటపడేలా అడిగాడు. అలా నీళ్లు పోసిన అమ్మాయి రిబ్కా. ఆ తర్వాత ఆమె అన్న, తండ్రి ‘ఇది యెహోవా వలన కలిగిన కార్యం’ అని ఒప్పుకున్నారు. అంత స్పష్టంగా తెలిశాక కూడా, మర్నాడు ప్రయాణం వెంటనేనా కొన్నాళ్లు ఆగాకా అన్న మాట వచ్చినప్పుడు, అమ్మాయిని పిలిచి అడిగారు. ‘వెళ్తాను’ అని ఆమె తన నోటితో చెప్పాకే సాగనంపారు. మీ ఇంట్లో ఆ ప్రశ్న మిమ్మల్ని ఎవరైనా అడిగారా?

మీ కాపరి కావాలని అబద్ధం ఆడారని నేను అనడం లేదు. మీ మేలు కోరే అని ఉండవచ్చు. కానీ ప్రవచనాన్ని తృణీకరించవద్దన్న పౌలే, సమస్తాన్ని పరీక్షించి మేలైనదాన్ని చేపట్టమన్నాడు. రాజుల మొదటి గ్రంథం 13వ అధ్యాయంలో యూదా నుంచి బేతేలుకు వచ్చిన దైవజనుడికి దేవుడు సూటిగా ఒక ఆజ్ఞ ఇచ్చాడు: అక్కడ తినవద్దు, తాగవద్దు, వచ్చిన దారిన తిరిగి వెళ్లవద్దు. ముసలి ప్రవక్త ఒకడు ఎదురై, దేవదూత తనతో చెప్పాడంటూ అబద్ధమాడి భోజనానికి తీసుకుపోయాడు. నమ్మి వెళ్లినవాణ్ణి తిరుగుదారిలో సింహం చంపింది. పెద్దవాడు దేవుని పేరు ఎత్తాడు కదా అని ఆ దైవజనుడు పరీక్షించకుండా ఊరుకున్నాడు. మీరు పరీక్షించాలనుకుంటున్నారు. అది తిరుగుబాటు కాదు, వాక్యం అప్పగించిన పనే.

మనశ్శాంతి ఒక్కటే కొలత అనుకోకండి. దేవుని నుంచి పారిపోతూ యోనా ఓడ అడుగున గాఢంగా నిద్రపోయాడు. తండ్రి చిత్తానికి తలవంచిన యేసు గెత్సేమనేలో తీవ్రమైన వేదన పడ్డాడు. కాబట్టి ‘శాంతి లేదు’ అన్న దగ్గర ఆగకుండా, ఎందుకు లేదో చూడండి. మీ విషయంలో కారణం కళ్లెదుటే ఉంది. ఒక మనిషి అడగకుండా మీ చేతిలోని ఫోను తీసుకున్నాడు. మీ వ్యవహారాలు వెతికాడు. దానికి మంచి పేరు పెట్టి నవ్వాడు. పెళ్లికి ముందే, తన మంచితనం చూపించుకోవలసిన రోజుల్లోనే ఇలా చేశాడు. దర్శనం కోసం ఎదురుచూస్తూ, స్వయంగా చూసినదాన్ని పక్కన పెడుతున్నారు. చూసే కళ్లు ఇచ్చింది కూడా ఆ దేవుడే కదా. నాకైతే ఇది చిన్న విషయంగా తోచడం లేదు.

ముందు ఉపవాసం విరమించి కడుపునిండా తినండి, నిద్రపోండి. చచ్చిపోతే బాగుండునని పడుకున్న ఏలీయా దగ్గరికి దేవదూత వచ్చి, రెండుసార్లు తట్టి లేపి భోజనం చేయమన్నాడు. దేవుని మెల్లని స్వరం అతనికి వినిపించింది ఆ తర్వాతే. ఇంత నీరసంలో, ఇంత ఒత్తిడిలో అవునని గాని కాదని గాని మాట ఇవ్వకండి. నిద్ర ఇంకా పట్టకపోతే వైద్యుణ్ణి కలవండి. అది విశ్వాసానికి కొరత కాదు.

16వ శతాబ్దానికి చెందిన ఇగ్నేషియస్ లొయోలా కాథలిక్ గురువు. మీ సంఘం వేరైనా ఆయన చెప్పిన ఒక పద్ధతి మీకు పనికొస్తుంది. మీరు ఎన్నడూ చూడని, అయినా మేలు జరగాలని కోరుకునే ఒక మనిషి ఇదే సమస్యతో మీ దగ్గరికి వచ్చిందనుకోండి. ఆమెకు ఏమని చెబుతారో కాగితం మీద రాయండి. తర్వాత ఆ సలహా మీరే పాటించండి.

ఆ తర్వాత అతనితో మాట్లాడండి. ఫోను తీసుకోవడం మీకు నచ్చలేదని, ఆలోచించుకోవడానికి కొన్ని నెలలు కావాలని చెప్పండి. మీ మాటలకంటే అతని స్పందన మీద ఎక్కువ దృష్టి పెట్టండి. క్షమాపణ అడిగి ఓపిక పడితే పరిచయం కొనసాగించి చూడవచ్చు. కోపగించుకున్నా, ఎగతాళి చేసినా, ‘దేవుని చిత్తానికి అడ్డుపడుతున్నావు’ అని బెదిరించినా ఆ సంబంధం అక్కడితో వదులుకోమనే నా సలహా. ఈ పెళ్లి వల్ల తమకు లాభంగాని నష్టంగాని లేని, పెళ్లయి ఏళ్లు గడిచిన ఒకరిద్దరు విశ్వాసులైన స్త్రీలతో కూడా మాట్లాడండి. వారికి జరిగినదంతా చెప్పండి, ఫోను సంగతితో సహా.

కాపరి గారితో గౌరవంగానే, ‘అయ్యగారూ, మీకు బయలుపరచిన దేవుడు నాకూ తండ్రే. పెళ్లి చేసుకోవలసింది నేను కాబట్టి నేనూ ఆయన దగ్గర కనిపెట్టుకుని ఉంటాను, అంతవరకు తేదీ పెట్టవద్దు’ అనండి. ఈ మాట చెప్పడానికి ఒంటరిగా వెళ్లవద్దు. మీ పక్షాన నిలబడే పెద్దవారిని ఒకరిని వెంట తీసుకెళ్లండి. మీ సమ్మతి లేకుండా ఇంట్లో తేదీ ఖాయం చేసే ప్రయత్నం జరిగితే, ఆలస్యం చేయకుండా నాకు మళ్లీ రాయండి.