అమ్మగారి క్లోమంలో 16 మి.మీ. తిత్తి: ఇప్పుడే తీసేయించాలా, కనిపెట్టుకుని ఉండాలా?

మీ ప్రశ్న చదివాను. మూత్రపిండంలో రాయి కోసం తీసిన సీటీ స్కానులో మీ అమ్మగారి క్లోమంలో (పాంక్రియాస్‌లో) 16 మి.మీ. తిత్తి, అంటే ద్రవం నిండిన చిన్న సంచి, అనుకోకుండా కనబడిందనీ, అది పక్కనాళపు ఐపీఎంఎన్ కావచ్చని, క్యాన్సరుకు ముందుదశ అని చెప్పారనీ, అయినా ఆరు నెలలయ్యాక ఎమ్మారై తీద్దామని డాక్టరు అనడం మీకు నిర్లక్ష్యంగా తోచిందనీ రాశారు. ఇప్పుడే తీసేయిస్తే పోదా, రక్తపరీక్షతో తేలదా, పరిశోధనలో చేరమంటే చేరవచ్చా, పిల్లలమైన మాకూ స్కాను కావాలా అన్నవి మీ సందేహాలు. నేను డాక్టరును కాను. 2016లో నాకూ ఇలాగే వేరే కారణంతో తీసిన స్కానులో 14 మి.మీ. తిత్తి బయటపడింది. అప్పటి నుంచి పర్యవేక్షణలో ఉన్నవాడిగా, డాక్టర్లను అడిగి అడిగి తెలుసుకున్నంత మేరకు రాస్తున్నాను.

ముందుగా ఆ పేరు సంగతి. క్లోమనాళపు లోపలి పొరలోని కణాలు సన్నని చేతివేళ్లలా పెరుగుతూ జిగురును స్రవిస్తాయి. ఆ జిగురు నిండి నాళం ఉబ్బడమే ఐపీఎంఎన్. 1982లో జపాన్ వైద్యుడు ఒహాషి, ఆయన సహచరులు నాళద్వారం నుంచి జిగురు కారుతున్న రోగుల గురించి రాసిన తర్వాతే దీనిని వేరే జబ్బుగా చూడడం మొదలైంది. ఉబ్బినది ప్రధాన నాళమైతే విషయం తీవ్రమే: అలాంటివారికి శస్త్రచికిత్స చేసి చూస్తే సగానికి పైగా కేసుల్లో క్యాన్సరో, దానికి ఒక్క మెట్టు కింద ఉన్న మార్పులో అప్పటికే కనిపించాయి. మీ అమ్మగారికి చెప్పినట్టు, ప్రధాన నాళంలో కలిసే పక్కనాళంలో మాత్రమే ఉండి, చిన్నదిగా ఉన్న తిత్తి ఎక్కువమందిలో ఏళ్ల తరబడి ఏమీ చేయకుండా అలాగే పడి ఉంటుంది. ముందుదశ అనగానే తర్వాతి దశ రాక తప్పదని మనకు వినిపిస్తుంది. నాకూ మొదటి రోజు అలాగే వినిపించింది.

డాక్టర్లు సైజు ఒక్కటే చూడరు. ఈ జబ్బుపై అంతర్జాతీయ నిపుణులు రాసిన 2006 నాటి సెండాయ్ మార్గదర్శకాలు 30 మి.మీ. దాటిన పక్కనాళపు తిత్తిని తీసేయమన్నాయి. 2012లో వచ్చిన ఫుకువోకా మార్గదర్శకాలు, 2024లో ప్రచురితమైన క్యోటో మార్గదర్శకాలు ఆ పట్టును సడలించి, తిత్తి లోపల ఏముంది, నాళం ఎలా ఉంది అన్న వాటికి బరువు పెంచాయి. తిత్తి వల్ల వచ్చిన కామెర్లు, గోడపై 5 మి.మీ. లేదా అంతకు మించిన బొడిపె ఉండి అది స్కానుకు ఎక్కించే కాంట్రాస్టు మందుకు వెలగడం, ప్రధాన నాళం 10 మి.మీ. వెడల్పుకు చేరడం వంటివి ఉంటే శస్త్రచికిత్స మాట వస్తుంది. తిత్తి 30 మి.మీ.కు చేరినా, నాళం 5 నుంచి 9 మి.మీ. మధ్య ఉన్నా, గోడ మందమైనా, ఏడాదికి 2.5 మి.మీ. చొప్పున పెరిగినా, కొత్తగా మధుమేహం వచ్చినా మరింత దగ్గరగా పరీక్షిస్తారు. ఇవేవీ లేని 20 మి.మీ. లోపు తిత్తికి ఆరు నెలలయ్యాక ఒకసారి చూసి, మార్పు లేకపోతే ఆ తర్వాత ఏడాదిన్నరకొకసారి చూడమన్నది క్యోటో మాట. మీ డాక్టరు చెప్పినది సరిగ్గా అదే.

నాకు తగిలిన దెబ్బ వేరే చోట తగిలింది. మూడో ఏట ఊరు మారి, కొత్త చోట ఎమ్మారైకి బదులు సీటీ తీయించుకున్నాను. నివేదికలో 19 మి.మీ. అని వచ్చింది. 14 నుంచి 19 అంటే పెరిగినట్టే కదా అని రెండు వారాలు నిద్ర లేదు. చివరకు ఒక రేడియాలజిస్టు పాత డిస్కు తెమ్మని, రెండు బొమ్మలనూ పక్కపక్కన తెరిచి, నా ఎదుటే గీత గీసి చూపించారు. తిత్తి గుండ్రంగా లేదు, చిక్కుడు గింజలా ఉంది. మొదటివారు దానిని అడ్డంగా, రెండోవారు నిలువుగా కొలిచారు. ఒకే దిశలో కొలిస్తే తేడా ఒక మి.మీ. కూడా లేదు. కాబట్టి నివేదిక కాగితం ఒక్కటే దాచుకోకండి, స్కాను బొమ్మలున్న డిస్కును దాచండి. ప్రతిసారీ వీలైనంతవరకు అదే రకం పరీక్ష చేయించి, పాతదానితో పోల్చి రాయమని అడగండి. క్లోమనాళాలు స్పష్టంగా కనిపించేది, రేడియేషన్ లేనిది ఎమ్మారై కనుక ఏళ్ల తరబడి చూడవలసినవారికి అదే నయం.

ఇప్పుడే తీసేయిస్తే పోదా అంటే, క్లోమం నుంచి తిత్తిని ఒక్కదాన్నే ఒలిచి తీయడం అరుదు. క్లోమం తల భాగంలో ఉంటే విపుల్ అనే ఆపరేషను చేసి, ఆ భాగంతో పాటు చిన్నపేగు మొదటి భాగం, పిత్తాశయం, పిత్తనాళంలో కొంత కూడా తీస్తారు. తోక భాగంలోనిదైతే తరచు ప్లీహం కూడా పోతుంది. బాగా అనుభవమున్న కేంద్రాల్లో మరణాలు తక్కువే కానీ, క్లోమరసం కారడం వంటి ఇబ్బందులు అక్కడా తక్కువేమీ కాదు, ఆ తర్వాత మధుమేహమో, జీర్ణానికి జీవితాంతం ఎంజైము మాత్రలో మిగలవచ్చు. పైగా ఐపీఎంఎన్ మిగిలిన క్లోమంలో కూడా రావచ్చు కనుక ఆపరేషన్ అయినవారికీ స్కానులు తప్పవు. అనుమానం బలంగా ఉన్నప్పుడు ఇదంతా భరించదగినదే, లేనప్పుడు కాదు.

రక్తపరీక్ష విషయంలో నిరాశే. క్లోమ క్యాన్సరు కోసం రక్తంలో చూసే సీఏ 19-9 అనే పదార్థం పిత్తనాళం మూసుకుపోయినా పెరుగుతుంది. జనాభాలో నూటికి ఐదు నుంచి పది మంది శరీరం దానిని అసలు తయారే చేయదు. తిత్తిలోని ద్రవం ఇంకొంచెం ఎక్కువ చెబుతుంది. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ (నోటి ద్వారా గొట్టం దించి చేసే స్కాను) ద్వారా సూదితో తీసిన ద్రవంలో సీఈఏ అనే ప్రోటీను ఎక్కువగా, గ్లూకోజు తక్కువగా ఉంటే అది జిగురు తిత్తి అని అనుమానిస్తారు. జీఎన్ఏఎస్ జన్యువులో మార్పు కనబడితే ఐపీఎంఎన్ అన్న నమ్మకం బలపడుతుంది. ఆ మార్పును 2011లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు బయటపెట్టారు. అయితే ఇది ఏ రకం తిత్తో చెప్పినంత గట్టిగా, ఎప్పుడు చెడుతుందో ఆ ద్రవం చెప్పలేదు. చిన్న తిత్తికి సూది అవసరం లేదని నాకు చెప్పారు, వేయలేదు.

పరిశోధన అనగానే కొత్త మందు ప్రయోగిస్తారని మీరు భయపడినట్టున్నారు. ఈ రంగంలో ఎక్కువ అధ్యయనాలు పరిశీలనకు సంబంధించినవి. అమెరికాలో ఈఏ2185 అనే అధ్యయనం సుమారు 4,600 మందిని లక్ష్యంగా పెట్టుకుని, తరచుగా స్కాను తీసే పద్ధతి, అరుదుగా తీసే పద్ధతి, ఈ రెంటిలో ఏది మేలో పోల్చడానికి పూనుకుంది. స్కాను ఎంత తరచుగా తీయాలన్నదే ఇంకా తేలలేదన్నమాట. నేను చేరినది అంతకన్నా చిన్నది: మామూలు స్కానుకు వెళ్లిన రోజే అదనంగా రెండు గొట్టాల రక్తం, ఒక ప్రశ్నావళి, అంతే. సంతకం పెట్టేముందు నేను అడిగినవి మూడు: అదనపు పరీక్షలేమైనా ఉంటాయా, నా నమూనాలో ఏదైనా కనబడితే నాకు చెబుతారా, మధ్యలో మానుకోవచ్చా. రెండోదానికి చెప్పబోమన్నారు; అది తెలిసే చేరాను. మీ అమ్మగారికి ఆ జవాబు సమ్మతం కాకపోతే చేరకపోవడం తప్పేమీ కాదు, ఆమె వైద్యం దాని వల్ల మారకూడదు.

ఇక మీ విషయం. లక్షణాలు లేని సాధారణ పెద్దలందరికీ క్లోమ క్యాన్సరు పరీక్ష చేయవద్దని అమెరికా నివారణ సేవల కార్యదళం 2019లో మళ్లీ చెప్పింది. తల్లికి చిన్న తిత్తి ఉన్నంత మాత్రాన పిల్లలకు స్కాను అక్కర్లేదు. కుటుంబంలో దగ్గరి రక్తసంబంధీకులు ఇద్దరు, ముగ్గురికి ఈ క్యాన్సరు వచ్చి ఉన్నా, బీఆర్సీఏ2, సీడీకేఎన్2ఏ వంటి జన్యువుల్లో ఈ క్యాన్సరు ముప్పును పెంచే మార్పు ఉన్నా సంగతి వేరు. అందుకే ఈ ఆరు నెలల్లో అమ్మగారిని కూర్చోబెట్టి, ఆమె పుట్టింటివైపు ఎవరెవరు దేనితో పోయారో రాసుకోండి. మా డాక్టరు ఆ ప్రశ్న అడిగినప్పుడు, మా ఇంట్లో క్యాన్సరు ఎవరికీ లేదని ధీమాగా చెప్పాను. ఇంటికొచ్చి మా నాన్నను అడిగితే, మా మేనత్త యాభై ఏళ్లకు పచ్చకామెర్లతో మూడు నెలల్లో పోయిందన్నారు. క్లోమం తల భాగంలో గడ్డ పిత్తనాళాన్ని నొక్కినా బయటికి కనిపించేది పచ్చకామెర్లే. ఆమెకు స్కాను తీసినవారు లేరు. మా డాక్టరు ఆ వివరం విని, నా ఫైలులో ఆమె పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టుకున్నారు.