ఫీనిక్స్‌లో పాత ఇల్లు చవకే, కరెంటు బిల్లే చవక కాదు

ప్రశ్న: అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ వచ్చి ఎనిమిది నెలలైంది. ఊరి పక్కనే ఉన్న చాండ్లర్‌లో అద్దెలు భరించలేకపోతున్నాం. ఫీనిక్స్ ఊళ్ళోనే 1957 నాటి ఇల్లొకటి తక్కువ ధరకి వస్తోంది. కొనుక్కోవచ్చా?

జవాబు: కొనుక్కోవచ్చు తమ్ముడూ. కానీ ముందు నేను చేతులు కాల్చుకున్న సంగతి వినండి. లోన్, వీసా, ట్యాక్సుల గొడవ మీ బ్యాంకు, లాయరు చెబుతారు. ఇది మాత్రం వాళ్ళు చెప్పరు.

2010లో ధరలు బాగా పడిపోయినప్పుడు మేమూ 1956లో కట్టిన ఇల్లు కొన్నాం. కాంక్రీటు బ్లాకుల గోడలు చూసి, తెనాలిలో మా పాత ఇంటిలాగే చల్లగా ఉంటుందని మా ఆవిడకి ధైర్యం చెప్పాను. ఆ ఇళ్ళు ఏ పరిస్థితుల్లో కట్టారో అప్పుడు నాకు తెలీదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇక్కడి ఎయిర్ బేసుల్లో పనిచేసిన కుర్రాళ్ళు చాలామంది తర్వాత ఇక్కడికే వచ్చి స్థిరపడ్డారు. 1949లో మోటరోలా కంపెనీ వచ్చింది. 1950లో 1,06,818 మంది ఉన్న ఊరు, చుట్టుపక్కలవన్నీ కలుపుకుంటూ 1960కి 4,39,170 అయింది. అందరికీ త్వరగా, తక్కువలో ఇళ్ళు కావాలి. జాన్ ఎఫ్. లాంగ్ అనే బిల్డరు ఊరి పడమటి వైపు మేరీవేల్ పేటలో వేల ఇళ్ళు కట్టింది ఆ రోజుల్లోనే. కూలర్లు, ఏసీలు ఉన్నాయన్న ధీమాతో గోడల్లోంచి వచ్చే వేడిని పెద్దగా పట్టించుకోలేదు. ఆ ఖర్చు ఇప్పుడు మనం కడుతున్నాం.

మా కప్పు మీద ఏసీతో పాటు స్వాంప్ కూలర్ కూడా ఉండేది. తడి ప్యాడ్లలోంచి గాలి లాగే మన కూలర్ లాంటిదే. జూన్ దాకా గాలి పొడిగా ఉంటుంది కాబట్టి గది హాయిగా ఉండేది, ఖర్చూ తక్కువే. జూలైలో ఇక్కడి మాన్సూన్ మొదలై గాలికి చెమ్మ పట్టగానే అది పనికిరాకుండా పోయింది. బీరువా తలుపు ఉబ్బి పట్టేసింది, డబ్బాలో ఉప్పు ముద్దకట్టింది. దాంతో రాత్రీ పగలూ ఏసీ 72 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో (మన లెక్కలో దాదాపు 22 సెల్సియస్) పెట్టి వదిలేశాం. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా రేటు ఎక్కువ పడే ప్లాన్ మాది. నేనది సరిగ్గా చదవకుండానే సంతకం పెట్టాను. ఆగస్టు బిల్లు 486 డాలర్లు! ఆ నెల ఇంటికి డబ్బు పంపలేకపోయాను. నాన్నకి ఫోన్లో ఏదో సాకు చెప్పాను. అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇంకో దెబ్బ నీళ్ళతో. ఫీనిక్స్ పాత పేటల్లో పెరడుకి సాల్ట్ నది కాలువ నీళ్ళు వంతుల ప్రకారం వస్తాయి, అచ్చం మన డెల్టాలోలాగే. మా వంతు రాత్రి రెండింటికి. వాల్వు తెరిచి నిద్రపోయాను. గట్టు తెగి పక్కింటివాళ్ళ గరాజ్ తడిసింది. పాడైన సామానుకి డబ్బు మేమే ఇచ్చుకున్నాం. కాలువ నీళ్ళ మధ్య పెరిగినవాణ్ణి, నేనే అలా చేశాను.

తర్వాత మూడేళ్ళు పట్టింది. కప్పు కింద ఇన్సులేషన్ వేయించాం, కిటికీలకి రెండు పొరల అద్దాలు పెట్టించాం, పడమటి వైపు నీడ కట్టాం. తెల్లవారుజామునే ఇల్లు చల్లబరిచి, రేటు పెరిగే వేళకి ఏసీని 80కి (దాదాపు 27 సెల్సియస్) మార్చేవాళ్ళం. బిల్లు సగానికి దిగింది. ఎవరి దగ్గరా చేయి చాపకుండా దారిలో పెట్టుకున్నాం. ఇప్పుడొచ్చే పిల్లలు నెల వాయిదా ఒక్కటే లెక్కేసుకుంటారు. అందుకే ఇంత విడమరిచి చెబుతున్నాను.

అమ్మేవాళ్ళని పన్నెండు నెలల కరెంటు బిల్లులు అడగండి. ఎండ మండే రోజు సాయంత్రం నాలుగింటికి వెళ్ళి, పడమటి గదిలో లోపలివైపు నుంచి గోడ మీద అరచెయ్యి పెట్టి చూడండి. చెయ్యి కాలినట్టుంటే, మరమ్మతుల ఖర్చు ధరలో తగ్గించమనండి. తగ్గించకపోతే ఇంకో ఏడాది అద్దెకే ఉండండి.