ఆ మెయిల్ ఇంకా పంపలేదు కదా?

చిరంజీవి స్వప్నకు బాబాయి ఆశీస్సులు.

డాక్టర్ల మాటలు విని కేస్ షీట్లు రాసిపెట్టే ఏఐ టూల్‌ని మీ ఆసుపత్రి ఎండీ మీ ఐటీ వాళ్లను ఒక్క మాటైనా అడగకుండా ఒప్పేసుకున్నాడనీ, గురువారం మీటింగ్‌లో నువ్వు దాన్ని ఆపించబోతున్నావనీ మీ నాన్న చెప్పాడు. డైరెక్టర్లందరికీ కాపీ పెట్టి మెయిల్ కూడా రాసి ఉంచావట. మనింట్లో ఇంత ధైర్యం ఎవరి నుంచి వచ్చిందా అని మురిసిపోయాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఆ మెయిల్ పంపకు.

మామూలు సంగతులు నీకు తెలుసు. డేటా ఎక్కడ ఉంటుంది, ఎన్నాళ్లు ఉంచుతారు, దాంతో ఆ టూల్ కంపెనీ తన ఏఐకి ట్రైనింగ్ ఇస్తుందా అన్నవి రాతలో తెప్పించుకో. లాగిన్లు ఆసుపత్రి ఐడీలతోనే ఉండాలి, ఎవరి సొంత జీమెయిల్‌తోనూ వద్దు. ఇది ఎందుకు ఒత్తి చెబుతున్నానో విను.

నేను పనిచేసిన ఒక కంపెనీలో ఐటీ హెడ్ మహా నిక్కచ్చి మనిషి. ఏది అడిగినా "కుదరదు" అనేవాడు. చెప్పే కారణాలన్నీ సరైనవే. సేల్స్ డైరెక్టర్ పెద్ద ఫైళ్లు పంపుకునే ఏర్పాటు కావాలన్నాడు, కుదరదన్నాడు. మళ్లీ అడిగితే పాలసీ కాపీ పంపాడు. మూడోసారి అడగలేదు. గెలిచామనుకున్నాం మేమంతా. ఆ డైరెక్టర్ సొంత మెయిల్‌తో ఉచిత ఫైల్ షేరింగ్ అకౌంట్ తెరిచి, డిస్ట్రిబ్యూటర్ల జాబితాలు, రేట్లు అన్నీ అందులోనే పెట్టుకున్నాడు. పోటీ కంపెనీకి వెళ్లిపోయినప్పుడు ఆ అకౌంటూ ఆయనతోనే పోయింది. మా దగ్గర పాస్‌వర్డ్ లేదు, ఎవరు ఏం తీసుకున్నారో చూపే లాగ్ లేదు, ఏం పోయిందో కూడా తెలియదు. ఎండీ అందరి ముందూ నిలబెట్టింది మా హెడ్‌ని. "నేను ముందే వద్దన్నాను సార్" అన్నాడాయన. "వద్దన్నావు, బదులు ఏమిచ్చావు?" అన్నాడు ఎండీ. ఆయన దగ్గర జవాబు లేదు. తర్వాత పని లేని క్యాబిన్‌లో కూర్చుని కూర్చుని రాజీనామా చేశాడు. నిజాయితీపరుడు, పని వచ్చినవాడు. నీ సంగతి వినగానే ఆయనే గుర్తొచ్చాడు తల్లీ.

ఏఐతో ఇలా చాటుగా వాడుకోవడం ఇంకా సులువు. 2023లో శాంసంగ్ ఇంజినీర్లు కంపెనీ సోర్స్ కోడ్‌ని చాట్‌జీపీటీలో పేస్ట్ చేశారని పేపర్లలో వచ్చింది చూడు, దొంగతనానికి కాదు, పని తెమలాలని. నువ్వు గురువారం ఆపిస్తే, శుక్రవారం మీ డ్యూటీ డాక్టర్లు సొంత ఫోన్లలో అదే పని మొదలుపెడతారు. రాత్రి షిఫ్టులో వాళ్లు రాసే రాత చూస్తే నాకే జాలి.

అందుకని మీటింగ్‌కి ముందే ఎండీని ఒంటరిగా కలువు. "ఒక్క ఓపీలో, ఒప్పుకున్న పేషెంట్లతో, నెల్లాళ్లు నడిపి చూద్దాం సార్, ప్రతి షీటూ డాక్టర్ చదివి సంతకం పెట్టాలి" అను. అంత ఆలస్యం దేనికంటాడు. 2023 డేటా రక్షణ చట్టంలో భద్రతా ఏర్పాట్లు సరిగా లేకపోతే జరిమానా 250 కోట్ల దాకా ఉందని చెప్పు. టూల్ నడిపేది బయటి కంపెనీ అయినా ఆ బాధ్యత ఆసుపత్రిదే. డేటా లీకైనట్టు తెలిసిన 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కి, అంటే సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థకి, తెలియజేయాలి కూడా. "మనకు తెలియని టూల్‌లో ఏం పోయిందో 6 గంటల్లో ఎలా చెబుతాం సార్?" అని అడుగు. బెదిరించినట్టు ఉండకూడదు. నీ గొంతు నాకు తెలుసు, క్యారమ్స్‌లో ఓడితే బోర్డు ఎత్తి పడేసినదానివి.

బయటికి రాగానే "ఇవాళ మనం అనుకున్నట్టు" అని రెండు లైన్ల మెయిల్ పెట్టు, ఆయనొక్కడికే. నోటిమాట మీద మాత్రం ఏదీ వదలకు.

అయినా వినకపోతే నాకు ఫోన్ చెయ్యి, తర్వాతి సంగతి కలిసి ఆలోచిద్దాం. గురువారం టిఫిన్ తినకుండా వెళ్లకు. ఆకలైతే నీకూ మీ నాన్నలాగే కోపం.

బాబాయి