కొత్త విలేకరికి, గ్రంథాలయంలో పని గురించి

చిరంజీవికి,

ఆశీస్సులు. పత్రికలో చేరి నెల తిరగకముందే నీవు అడిగిన ప్రశ్న నాకు నచ్చింది. అన్నీ ఫోనులోనే దొరుకుతున్నప్పుడు విలేకరి గ్రంథాలయానికి ఎందుకు వెళ్లాలి, వెళితే అక్కడ ఏం చేయాలి అని రాశావు. ఎందుకు అన్నదానికి రెండు ఉదంతాలు చెప్పి, ఎలా అన్నదాని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. గ్రంథాలయం గొప్పదనం మీద ఉపన్యాసాలకు కొదవ లేదు గాని, అందులో పని చేసుకునే పద్ధతి చెప్పేవారు మాత్రం అరుదు.

2025 మే నెలలో అమెరికాలోని షికాగో సన్-టైమ్స్ పత్రికతో పాటు వెలువడిన ఒక అనుబంధంలో, వేసవిలో చదవదగ్గ 15 పుస్తకాల జాబితా అచ్చయింది. రచయితల పేర్లన్నీ నిజమైనవే. పుస్తకాలలో 10 మాత్రం ఎవరూ ఎన్నడూ రాయనివి. జాబితా తయారుచేసిన వ్యక్తి కృత్రిమ మేధ అల్లి ఇచ్చినదాన్ని సరిచూడకుండా పంపించాడు. అనుబంధం బయటి సంస్థ నుంచి వచ్చింది కనుక పత్రికలోనూ ఎవరూ పరిశీలించలేదు. గ్రంథాలయపు కేటలాగు తెరిచి ఒక్కొక్క పేరు వెతికి ఉంటే కాసేపట్లో బయటపడే తప్పు అది. అడిగిన పుస్తకం తన దగ్గర లేకపోతే లేదని చెప్పడం కేటలాగుకు తెలుసు. ఏది అడిగినా ఏదో ఒకటి చెప్పి తీరే యంత్రాలకు ఆ సుగుణం ఇంకా పూర్తిగా అబ్బలేదు. అయితే ఒక్క గ్రంథాలయంలో లేనంత మాత్రాన పుస్తకమే లేదని నిర్ధారించకు. వేల గ్రంథాలయాల జాబితాలను ఒక్కచోట చూపే వరల్డ్‌క్యాట్‌లో కూడా వెతికి, ఆ తర్వాతే మాట్లాడు.

రెండో ఉదంతం తేదీకి సంబంధించినది. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ మాతృసంస్థ దివాలా రక్షణ కోరిందని 2002లో వచ్చిన వార్త, 2008 సెప్టెంబరులో ఒక పత్రిక వెబ్‌సైటులో మళ్లీ పైకి తేలింది. ఆ పేజీలో వార్త అసలు తేదీ లేకపోవడంతో గూగుల్ వార్తల విభాగం దాన్ని తాజాదిగా లెక్కించింది. అది చేతులు మారి మదుపరుల తెరలకు ఎక్కేసరికి, 12 డాలర్ల దరిదాపుల్లో ఉన్న షేరు నిమిషాల్లో 3 డాలర్లకు పడిపోయింది. ఆరేళ్ల కిందట నిజమైన వార్త, ఆ రోజున అబద్ధమైంది. బైండు చేసిన పాత పత్రికల సంపుటంలో ఈ ప్రమాదం లేదు. అక్కడ ప్రతి పేజీ నెత్తిన తేదీ ఉంటుంది, వార్త దాని కిందే పడి ఉంటుంది.

ఇక పని సంగతి. వెళ్లేముందు నీకు కావలసినది ఏ సంవత్సరాల మధ్య జరిగిందో స్థూలంగానైనా తేల్చుకో. లైబ్రేరియన్ దగ్గరకు వెళ్లాక పుస్తకం పేరు చెప్పి ఊరుకోకు, నీ ప్రశ్న మొత్తం చెప్పు. ఫలానా వంతెనకు అనుమతి ఎప్పుడు ఇచ్చారు, మొదటి అంచనా ఎంత, ఎవరు అభ్యంతరం చెప్పారు అని అడిగితే, గెజిట్లు, శాసనసభ చర్చలు, శాఖల వార్షిక నివేదికలు, ఆడిట్ నివేదికలు ఏ అరలో ఉన్నాయో వారే చూపిస్తారు. డెడ్‌లైన్ ఎప్పుడో కూడా చెప్పు. ఆ ఒక్క మాటతో పని ఎంత చురుకవుతుందో చూసి నీకే ఆశ్చర్యం వేస్తుంది.

పాత పత్రిక చేతికి రాగానే నీకు కావలసిన వార్త చదివి సంపుటం మూసేయడం చాలామందికి అలవాటు. నీవు అలా చేయకు. ఆ తేదీ నుంచి కనీసం రెండు వారాల సంచికలు తిరగెయ్యి. మొదటి పేజీలో పెద్ద శీర్షికతో వచ్చిన ఆరోపణకు ఖండన నాలుగు రోజుల తర్వాత లోపలి పేజీలో, వాణిజ్య ప్రకటన పక్కన, నాలుగు వాక్యాల్లో ఉండవచ్చు. అంతర్జాలంలో ఆరోపణ ఒక్కటే చేతులు మారుతూ ఉంటుంది, ఖండన దాని వెంట రాదు. అదే రోజు పోటీ పత్రిక ఏం రాసిందో కూడా చూడు. రెండింటిలోనూ ఒకే వాక్యాలు కనిపిస్తే ఇద్దరూ ఒకే ప్రకటనను దించుకున్నారని గ్రహించు, వాటిని ఒకే ఆధారంగా లెక్కపెట్టు. పత్రిక పేరు, ఎడిషన్, తేదీ, పేజీ, కాలమ్ నోట్‌బుక్కులో రాసుకొని, పైనున్న తేదీ కనిపించేలా పేజీ మొత్తాన్ని ఫొటో తీసుకో. వార్త ముక్కను మాత్రమే తీసుకుంటే, డెస్కులో ఎవరైనా ఇది ఏ రోజుదని అడిగినప్పుడు నీ దగ్గర జవాబు ఉండదు. పాత పేజీలను చిన్న ఫిల్మ్ చుట్ట మీద ఫొటోలుగా దాచే మైక్రోఫిల్మ్ అయితే మెడ నొప్పి తప్పదు, దానికి నా దగ్గర మందు లేదు.

స్కాన్ చేసిన పాత సంచికలలో మాట కొట్టి వెతికేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. సిరా అలుక్కున్నచోట, వరుస చివర పదం విరిగినచోట యంత్రం అక్షరాలను తప్పుగా గుర్తిస్తుంది. మనుషుల పేర్లను అప్పటివారు రెండు మూడు రకాలుగా రాసి ఉంటారు. అందువల్ల వెతుకులాటలో ఏమీ రాకపోతే ఆ వార్తే రాలేదని తీర్మానించకుండా, తేదీని బట్టి పేజీలు కళ్లతో చూడు. పుస్తకాల విషయంలో ముద్రణ సంవత్సరం చూడడం మరిచిపోకు. గ్రంథాలయంలో ఉన్నంత మాత్రాన పాత లెక్క కొత్తది కాదు.

వెబ్ పేజీని ఆధారంగా తీసుకున్న రోజునే దాన్ని భద్రపరచాలి. 2013లో ఉన్న వెబ్ పేజీలలో 38 శాతం పదేళ్లకు అందుబాటులో లేకుండా పోయాయని అమెరికా పరిశోధన సంస్థ ప్యూ రిసెర్చ్ సెంటర్ 2024లో తేల్చింది. 1996లో మొదలైన ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చెందిన, వెబ్ పేజీల ప్రతులను దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేజీని ఎక్కించి, అక్కడ వచ్చిన చిరునామాను నీ నోట్సులో చేర్చు. ఒక కాపీ నీ కంప్యూటర్‌లో కూడా ఉంచుకో, ఎందుకంటే 2024 అక్టోబరులో సైబర్ దాడి వల్ల ఆ ఆర్కైవే కొన్ని రోజులు మూతపడింది. అంతకు ఏడాది ముందు అలాంటి దాడికే గురైన బ్రిటిష్ లైబ్రరీ కేటలాగు నెలల తరబడి పనిచేయలేదు.

ఈ జాగ్రత్త నీ సొంత రాతలకూ వర్తిస్తుంది. 2017 నవంబరులో న్యూయార్క్‌లో డీఎన్ఏఇన్ఫో, గోథమిస్ట్ అనే స్థానిక వార్తా సైట్లను యజమాని ఉన్నట్టుండి మూసివేసినప్పుడు, పాత వార్తలు కూడా కొంతకాలం తెరమరుగయ్యాయి. కొత్త ఉద్యోగం వెతుక్కోవలసిన విలేకరులకు చూపించుకోవడానికి తమ బైలైన్లే, అంటే తమ పేరుతో వచ్చిన వార్తలే, లేకుండా పోయాయి. కాబట్టి ప్రచురితమైన ప్రతి వార్తనూ తేదీతో సహా దాచుకో. సమాచార హక్కు కింద నీవు తెప్పించే పత్రాలు, పూర్తి ఇంటర్వ్యూల రాతప్రతులు వార్తలో పదో వంతు కూడా పట్టవు. వార్త వచ్చాక, పేర్లు బయటపెట్టవద్దని కోరినవారి కాగితాలు తీసి పక్కన పెట్టి, మిగిలినవాటికి ఒక సూచిక రాసి, తీసుకుంటారేమో మీ గ్రంథాలయంలో అడుగు. సూచిక లేకుండా ఇచ్చిన కట్ట ఎంత విలువైనదైనా మూలన పడుతుంది కనుక, ఆ ఒక్క పేజీ రాయడానికి బద్ధకించకు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న