నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ తీసేస్తే మాల్‌వేర్ పోయినట్టేనా?

వాడుతున్న ఎన్‌పీఎమ్ ప్యాకేజీలో (జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుల్లోకి దించుకునే రెడీమేడ్ కోడ్) మాల్‌వేర్ ఉందని అలర్ట్ వచ్చింది, నల్లగొండ ఐటీ టవర్‌లో మాది నలుగురి టీమ్, ఆ ప్యాకేజీలు చేరే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ కొట్టాం, సరిపోతుందా అని అడిగారు. సరిపోదన్నా. అసలు పని ఇంకా మొదలే కాలేదు.

ప్యాకేజీతో వచ్చే ప్రీఇన్‌స్టాల్, పోస్ట్‌ఇన్‌స్టాల్ స్క్రిప్టులు ఇన్‌స్టాల్ కొట్టగానే నడుస్తయి, ఆ ప్యాకేజీని మీ కోడ్‌లో ఎక్కడా వాడకపోయినా సరే. మీరు ఫోల్డర్ తీసేలోపే ఎన్‌పీఎమ్ టోకెన్ (పాస్‌వర్డ్ బదులు పనిచేసే కోడ్), ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) కీలు, సర్వర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ కీ, పాస్‌వర్డ్‌లు రాసుకునే ఎన్వ్ ఫైలు బయటికి పోయి ఉండొచ్చు. క్లాక్ టవర్ దగ్గర షాపులో ఇచ్చి యాంటీవైరస్ కొట్టిస్తే చాలనేవాళ్లుంటరు. స్కాన్ క్లీన్‌గా వచ్చినా పోయిన టోకెన్ వెనక్కి రాదు.

ముందు ఆ ల్యాప్‌టాప్ పవర్ బటన్ నొక్కి పట్టి ఆపేయండి. ఉత్త వైఫై తీసి ఊరుకోవద్దు. 2025 నవంబర్‌లో వచ్చిన షాయ్-హులూద్ అనే ఎన్‌పీఎమ్ మాల్‌వేర్ రెండో రకం, టోకెన్లు దొరకక, కోడ్ పెట్టుకునే సైటు గిట్‌హబ్‌కు చేరలేకపోతే హోమ్ ఫోల్డర్‌నే తుడిచేసేలా రాసి ఉంది.

తర్వాత ఇన్‌స్టాల్ కొట్టని వేరే మెషీన్ నుంచి కీలన్నీ రద్దు చేయండి. పాత ల్యాప్‌టాప్‌లోనే కూర్చుని కొత్త కీ తీస్తే అదీ పోతది. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. గిట్‌హబ్ పాస్‌వర్డ్ మారిస్తే పర్సనల్ యాక్సెస్ టోకెన్లు చావవు, వాటిని విడిగా తీసేయాలి. గిట్‌హబ్‌లో మీరు పెట్టని రిపోలు (కోడ్ ఉండే ఫోల్డర్లు), వర్క్‌ఫ్లో ఫైళ్లు, సెల్ఫ్-హోస్టెడ్ రన్నర్లు (ఆ వర్క్‌ఫ్లోలు నడిపే సొంత మెషీన్లు) ఉన్నాయేమో వెతకండి. ఏడబ్ల్యూఎస్‌లో క్లౌడ్‌ట్రెయిల్ లాగ్ తెరిచి కొత్త యూజర్లు ఎవరైనా పుట్టారేమో చూడండి. వాట్సాప్ గ్రూపులో పంచుకున్న కీ ఉంటే అదీ లెక్కలోకే వస్తది.

ప్యాకేజీల వెర్షన్లు రాసి ఉండే లాక్ ఫైలు గిట్ హిస్టరీ చూస్తే మాల్‌వేర్ ఉన్న వెర్షన్ ఏ రోజు వచ్చిందో తెలుస్తది. అప్పటి నుంచి బిల్డ్ నడిపిన సీఐ (కోడ్‌ను ఆటోమేటిక్‌గా బిల్డ్ చేసే) మెషీన్లన్నీ అనుమానమే, వాటి సీక్రెట్లూ మార్చాలి, క్యాషే తుడిచేయాలి.

అన్ని మాల్‌వేర్లూ ఒక్క తీరుగ ఉండవు, ఆ ప్యాకేజీ మీద వచ్చిన అడ్వైజరీ (హెచ్చరిక నోట్) పూర్తిగా చదవండి. 2025 సెప్టెంబర్‌లో చాక్ 5.6.1, డీబగ్ 4.4.2 ప్యాకేజీల్లో దూరిన కోడ్ బ్రౌజర్‌లో నడిచి క్రిప్టో వాలెట్ అడ్రస్‌లు మార్చేది. అట్లాంటిదైతే సైటు మీద పెట్టిన బిల్డ్‌ను వెంటనే వెనక్కి తీయాలి. ఇన్‌స్టాల్ స్క్రిప్టు రకమైతే ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేసి ఓఎస్ మళ్లీ వేసుకోవడమే మేలు, శుభ్రం చేస్తూ కూర్చుంటే నమ్మకం రాదు.

ఇట్లాంటి దాడి తెలిసిన 6 గంటల్లోపు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్‌కు చెప్పాలన్న నిబంధన 2022 నుంచి ఉంది, చిన్న కంపెనీలకూ వర్తిస్తది.

ఇకముందు సీఐలో ఎన్‌పీఎమ్ ఇన్‌స్టాల్ బదులు ఎన్‌పీఎమ్ సీఐ (లాక్ ఫైలులో ఉన్న వెర్షన్లే దించే కమాండ్) వాడండి, ఇన్‌స్టాల్ స్క్రిప్టుల్ని ఆపే ఇగ్నోర్-స్క్రిప్ట్స్ ఆన్‌లో పెట్టండి. అప్పుడు ఆ స్క్రిప్టుల మీద ఆధారపడే బీక్రిప్ట్ లాంటి ప్యాకేజీలు నడవకపోవచ్చు. ఆ ఒక్కదానికే ఇగ్నోర్-స్క్రిప్ట్స్ ఫాల్స్ అని ఇచ్చి ఎన్‌పీఎమ్ రీబిల్డ్ కొట్టుకోండి. ఎన్‌పీఎమ్ బదులు పీఎన్‌పీఎమ్ వాడేవాళ్లు మినిమమ్ రిలీజ్ ఏజ్ 10080 నిమిషాలు పెడితే వారం నిండని వెర్షన్ లోపలికి రాదు. సెక్యూరిటీ ప్యాచ్‌లు కూడా ఆగుతయి కాబట్టి వాటికి మినహాయింపు ఇవ్వండి.