నాటకాల కంపెనీకి పోతానంటున్న కొడుకు, వడ్రంగి తండ్రి

ప్రశ్న: మాది చిత్తూరు. చిన్న వడ్రంగి షాపు ఉంది. మావాడు ఇంటర్ పాసయ్యాడు. పని బాగానే పట్టుబడింది, తలుపు, కిటికీ ఒక్కడే చేసేస్తాడు. రెండేళ్లుగా మా చుట్టుపక్కల ఊళ్లలో భారతం ఆడే వీధినాటకాల్లో వేషం కడుతున్నాడు. ఇప్పుడు డిగ్రీ వద్దు, షాపూ వద్దు, నాటకాల వాళ్లతో ఊళ్లు తిరుగుతానంటున్నాడు. వాళ్లమ్మకు టెన్షన్‌తో నిద్ర లేదు. వాడికి ఏం చెప్పమంటారు?

జవాబు: అయ్యా, చదువా, వడ్రంగమా, నాటకమా అని మీరు మూడు దారులు చూపించి ఒకటి ఎంచమంటున్నారు. మీవాడి విషయంలో ఆ మూడూ ఒకే దారి అని నాకనిపిస్తోంది. ఊళ్లు తిరిగే నాటక సమాజానికి వేషం వేసేవాళ్లు దొరుకుతారు. రాత్రి పద్యం పాడి, పొద్దున లేచి విరిగిన మెట్టును సరిచేసేవాడు దొరకడమే కష్టం.

ముందు ఆ బతుకు ఎలా ఉంటుందో చెబుతాను, వాళ్లమ్మగారికి కూడా చదివి వినిపించండి. మధ్యాహ్నం వ్యాన్ ఊళ్లోకి వస్తుంది. వేషగాళ్లే సామాన్లు దించుతారు. నేల ఎగుడుదిగుడుగా ఉంటే కింద చెక్కముక్కలు పెట్టి స్టేజీని తూకానికి తేవాలి. స్టేజీకి రెండు పక్కలా అడ్డుండే సైడ్ వింగ్స్ నిలబెట్టాలి, తెరలు కట్టాలి, తాడు కప్పీలో సాఫీగా తిరుగుతోందో లేదో చూసుకోవాలి. చీకటి పడ్డాక మేకప్‌కు కూర్చుంటారు. నాటకం ఏ అర్ధరాత్రికో అయిపోతుంది, మన వీధినాటకమైతే తెల్లవార్లూ సాగుతుంది. జనం లేచి వెళ్లిపోయాక అసలు చాకిరీ మొదలు. మొత్తం విప్పి, కట్టి, వ్యాన్‌లో వరసగా సర్దాలి. ముందు కావలసింది చివర ఎక్కించాలి. నిద్ర వ్యాన్‌లోనే. దండలూ చప్పట్లూ చూసి వచ్చినవాళ్లు రెండో నెలలో ఇంటికి పోయేది ఇక్కడే.

మీరు వడ్రంగి కాబట్టి ఒక మాట మీకు తొందరగా అర్థమవుతుంది. ఇంటి ద్వారబంధానికి కుసి (ఒక చెక్క కొస మరో చెక్క తొర్రలో దూరే అతుకు) బిగిస్తే తరాలు గడిచినా కదలకూడదు. నాటకం గోడ మాత్రం రాత్రంతా కదలకుండా నిలబడి, తెల్లారేసరికి విడిపోవాలి. అందుకే ఇక్కడ మేకుల కంటే బోల్టులు, మడతబందులు ఎక్కువ. టేకు ఎవరూ అడగరు, మోసేవాడి భుజం గుర్తుంచుకుని తేలిక చెక్క చట్రానికి గుడ్డ బిగించి రంగేస్తారు. నేను డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ నాటకానికి కోట గోడ చేశాం. ఉత్సాహం కొద్దీ అంతా మేకులే కొట్టాం. తీరా చూస్తే అది హాలు తలుపులోంచి పట్టలేదు. కోట లేకుండానే రాజుగారు యుద్ధం చేశారు. మాలో ఒక్క వడ్రంగి ఉన్నా ఆ పరువు దక్కేది.

ఈ రెండు పనులూ ఒకరే చేయడం కొత్తేమీ కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభి నాటకాలనే చూడండి. ఆ కుటుంబాల్లో ఒక సీన్లో వేషం వేసినవాళ్లు మరో సీన్లో తెర వెనక తాళ్లు లాగుతారు. అంత దూరం ఎందుకు, మన జిల్లా భారతంలో అర్జునుడు పద్యాలు పాడుకుంటూ తపస్సు మాను, అంటే నిలువుగా పాతిన ఎత్తైన మాను, ఎక్కుతాడు కదా! ఆ మానుకు మెట్లు గట్టిగా ఉన్నాయా లేదా అన్నది చూసేవాడు, ఎక్కేవాడు ఒకరే అయితే నాకైతే కింద నిలబడి చూడడానికి ధైర్యంగా ఉంటుంది.

డబ్బు సంగతి దాచను. చాలా సమాజాల్లో నెల జీతం ఉండదు, రాత్రికి ఇంత అని మాట్లాడుకుంటారు. శివరాత్రి నుంచి జాతరల కాలం దాకా చేతినిండా పని. వానలు పడితే ఖాళీ. ఆ ఖాళీ నెలల్లో ఒట్టి నటుడు అప్పు చేస్తాడు. మీవాడైతే మీ షాపులోనే పని చేసుకోవచ్చు, తిరుపతిలో పెళ్లి మండపాలకు, సభలకు స్టేజీలు కట్టే పనికి వెళ్లొచ్చు. రెండు మూడేళ్ల అనుభవం ఉంటే హైదరాబాద్‌లో సినిమా సెట్ల పని కూడా వెతుక్కోవచ్చు. పీఎఫ్, ఈఎస్ఐ లాంటివి ఆశించకండి. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కడితే 2 లక్షల ప్రమాద బీమా వస్తుంది, సురక్షా బీమా యోజన అని అడగండి. ఎత్తు మీద, కరెంటు తీగల మధ్య పని కాబట్టి ఇది ఈ వారమే చేయించండి. కేంద్రం వాళ్ల పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగులకు పనిముట్ల కోసం 15 వేల దాకా ఇస్తారు. కానీ కుటుంబానికి ఒక్కరికే. మీరు ఇప్పటికే తీసుకుని ఉంటే వాడికి రాదు.

ఇక వాడు డిగ్రీ వద్దన్న మాట దగ్గర మాత్రం నేను మీ పక్షమే, చదవాల్సిందే. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ల కోర్సు ఉంది. నటనే కాదు, సెట్ల డిజైన్ కూడా అక్కడ నేర్పుతారు. దానికి డిగ్రీ ఉండాలి, కనీసం ఆరు నాటకాల్లో పాలుపంచుకున్న అనుభవమూ ఉండాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ పీజీకీ డిగ్రీ కావాలి. ఏ గ్రూపైనా ఫర్వాలేదు, ఊళ్లోనే బీఏ చేరమనండి. సెలవుల్లో, శని ఆదివారాల్లో నాటకాలకు వెళ్లనివ్వండి. ఆడిన ప్రతి నాటకానికీ ఫొటో, కరపత్రం దాచుకోమనండి, రేపు అనుభవానికి రుజువు అవే. 18 నుంచి 25 ఏళ్ల కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ నెలకు 5 వేల చొప్పున రెండేళ్లు స్కాలర్‌షిప్ ఇస్తుంది, నాటకం కూడా అందులో ఉంది. ప్రకటన కోసం చూస్తూ ఉండమనండి.

మీవాడికి కన్నడం వస్తుందా? పలమనేరు, కుప్పం వైపు చుట్టాలుంటే కాస్తో కూస్తో వచ్చే ఉంటుంది. శివమొగ్గ జిల్లా హెగ్గోడులో నీనాసం అనే సంస్థ ఏడాది కోర్సు నడుపుతుంది, బోధన కన్నడంలో. వాళ్ల ‘తిరుగాట’ బృందం 1985 నుంచి కర్ణాటక అంతా తిరుగుతోంది. చేరినా చేరకపోయినా, ఒక్కసారి వాళ్ల నాటకానికి వెళ్లి, ఆట అయ్యాక సెట్ విప్పడం చూసి రమ్మనండి.

ఈలోగా మీరు వాడికొక పని అప్పగించండి. 8 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు ఉన్న గోడలు రెండు, మధ్యలో ఒక తలుపు. ఒక్కడే అరగంటలో నిలబెట్టాలి, అరగంటలో విప్పి ఆటోలో ఎక్కించాలి. చెక్క ఖర్చు మీదే. అయ్యాక మీరే కోపంగా బయటికి వెళ్లే పాత్రలా ఆ తలుపు ధడాలున వేయండి. గోడ ఊగితే మళ్లీ చేయమనండి.